ఒకే పుట్టినరోజు, ఇద్దరు సంగీతకారులు: జంట కట్టే ముందు తేదీని ఎలా తేల్చాలి?

జాజ్ మహావిద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితాంతం తన పుట్టినరోజు 1900 జూలై 4 అనే చెప్పుకున్నారు. ఆ లెక్కన 1961 జూలై 4న పుట్టిన మన ఎం.ఎం. కీరవాణి ఆయనతో పుట్టినరోజు పంచుకున్నట్టే. ఆర్మ్‌స్ట్రాంగ్ 1971లో కన్నుమూశారు. 1980లలో న్యూ ఆర్లీన్స్‌లోని ఒక చర్చి రిజిస్టరులో ఆయన బాప్తిస్మం వివరాలు దొరికాయి. అందులో ఉన్న పుట్టిన తేదీ 1901 ఆగస్టు 4. దాంతో కీరవాణితో జంట విడిపోయి, 1929 ఆగస్టు 4న పుట్టిన కిశోర్ కుమార్‌తో కొత్త జంట ఏర్పడింది. ముగ్గురిలో ఎవరి సంగీతమూ మారలేదు, మారింది కాగితం మీది తేదీ.

ఒకే రోజు పుట్టిన సంగీతకారుల జాబితాలు చూసినప్పుడు మనకు రెండు ప్రశ్నలు రావాలి. ఇలా కలవడం ఎంత అరుదు? కలిసిందంటున్న తేదీ అసలు ఎక్కడి నుంచి వచ్చింది? మొదటిదానికి గణితం తిరుగులేని జవాబు చెబుతుంది. చిక్కంతా రెండోదానిలో ఉంది, అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే.

ఎంతమంది ఉంటే జంట దొరుకుతుంది?

ఏ 23 మందిని తీసుకున్నా వారిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం కంటే కాస్త ఎక్కువ, 50.7 శాతం. లెక్క ఇలా చేస్తారు. మొదటి వ్యక్తి ఏ రోజు పుట్టినా సరే. రెండో వ్యక్తికి ఆ రోజు తగలకూడదంటే 365 రోజుల్లో 364 మిగులుతాయి, మూడో వ్యక్తికి 363. ఇలా 364/365 నుంచి 343/365 వరకు అన్ని భిన్నాలనూ గుణిస్తే 0.493 వస్తుంది. అది జంట లేకపోయే అవకాశం. మిగతాది జంట ఉండే అవకాశం. మనుషులు 23 మందే అయినా వారిలో కట్టగలిగే జంటలు 253. అంకె మనల్ని ఆశ్చర్యపరచడానికి కారణం అదే. 30 మందికి ఈ అవకాశం 70 శాతం దాటుతుంది, 50 మందికి 97 శాతం, 57 మందికి 99 శాతం.

తెలుగు శ్రోతకు పరిచయమైన 23 పేర్లతో పరీక్షిద్దాం. జనవరి 6 ఎ.ఆర్. రెహమాన్, జనవరి 10 ఏసుదాస్, ఏప్రిల్ 23 ఎస్. జానకి, జూన్ 2 ఇళయరాజా, జూన్ 4 ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, జూన్ 24 ఎం.ఎస్. విశ్వనాథన్, జూలై 4 కీరవాణి, జూలై 6 మంగళంపల్లి బాలమురళీకృష్ణ, జూలై 11 మణిశర్మ, జూలై 27 చిత్ర, ఆగస్టు 2 దేవిశ్రీ ప్రసాద్, ఆగస్టు 4 కిశోర్ కుమార్, సెప్టెంబర్ 7 భానుమతి, సెప్టెంబర్ 8 ఆశా భోస్లే, సెప్టెంబర్ 16 ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, సెప్టెంబర్ 28 లతా మంగేష్కర్, అక్టోబర్ 11 సాలూరి రాజేశ్వరరావు, అక్టోబర్ 16 అనిరుధ్, నవంబర్ 13 పి. సుశీల, నవంబర్ 16 తమన్, నవంబర్ 30 వాణీ జయరాం, డిసెంబర్ 4 ఘంటసాల, డిసెంబర్ 24 మహమ్మద్ రఫీ.

ఒక్క జంటా లేదు. 49.3 శాతం వైపు పడిందన్నమాట, అందులో వింతేమీ లేదు. 24వ పేరుగా భూపేన్ హజారికాను చేర్చితే ఆశా భోస్లేతో వెంటనే సెప్టెంబర్ 8 జంట కుదురుతుంది. కానీ అది సరైన పరీక్ష కాదు. జంట కుదురుతుందని ముందే తెలిసి తెచ్చిన పేరు అది. ‘ఎంత అద్భుతమైన కలయిక’ అంటూ తిరిగే జాబితాల్లో చాలావరకు ఇలా వెతికి తెచ్చినవే, వదిలేసిన వందల పేర్లు మనకు కనబడవు. ఇదే 23లో భానుమతి, ఆశా ఒక్క రోజు తేడాతో ఉన్నారు చూడండి. ఒక రోజు అటూఇటూ కూడా జంటే అనుకుంటే సగం అవకాశానికి 14 మంది చాలు.

‘నా పుట్టినరోజే పుట్టిన గాయని ఎవరు?’ అన్న ప్రశ్న పూర్తిగా వేరు. ఒక నిర్ణీత తేదీకి కనీసం ఒకరు దొరికే అవకాశం సగం దాటాలంటే 253 మంది కావాలి. వెయ్యిమంది సంగీతకారుల పట్టిక తయారు చేసినా, సగటున 23 లేదా 24 తేదీలు ఖాళీగానే మిగులుతాయి. అన్ని తేదీలూ నిండాలంటే సగటున 2,365 మంది దాకా పోవాలి. ఈ లెక్కలన్నీ జననాలు ఏడాది పొడవునా సమంగా ఉంటాయని అనుకుని చేసినవి. నిజానికి దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి నెలల మధ్య హెచ్చుతగ్గులు ఉంటాయి. అవి జంటలు కలిసే అవకాశాన్ని పెంచుతాయే కానీ తగ్గించవు.

కాబట్టి సెప్టెంబర్ 16న ఎం.ఎస్. సుబ్బులక్ష్మి (1916), పాశ్చాత్య సంగీత బోధనలో పెద్ద పేరైన నాదియా బులాంజే (1887), బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ (1925) ముగ్గురూ పుట్టారంటే సంతోషించవచ్చు. ఏప్రిల్ 7న సితార్ విద్వాంసుడు రవిశంకర్ (1920), జాజ్ గాయని బిల్లీ హాలిడే (1915) కలవడమూ అంతే. జనవరి 8న రాక్ గాయకులు ఎల్విస్ ప్రెస్లీ (1935), డేవిడ్ బోవీ (1947), సినీ సంగీత దర్శకుడు హారిస్ జయరాజ్ (1975) ఉన్నారు. ఈ కలయికల్లో నాకు కనబడేది లెక్క. ఆ రోజుకు సంగీతయోగం ఉందని చెప్పాలంటే అదే ఊళ్లో, అదే కాలంలో, అదే రోజు పుట్టి సంగీతం జోలికే పోనివారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ పని ఎవరూ చేయరు.

రెండు క్యాలెండర్ల మధ్య

తేదీల విషయంలో అందరికంటే ప్రసిద్ధమైన జంట జర్మన్ స్వరకర్త బ్రామ్స్ (1833), రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ (1840). ఇద్దరిదీ మే 7 అంటారు. కానీ చైకోవ్‌స్కీ పుట్టిన రోజున రష్యాలో గోడ మీది తేదీ ఏప్రిల్ 25. రష్యా 1918 వరకు పాత జూలియన్ క్యాలెండర్‌నే వాడింది. 1582లో క్యాథలిక్ మతాధిపతి పోప్ గ్రెగరీ తెచ్చిన కొత్త గ్రెగోరియన్ లెక్కలోకి మారిస్తేనే అది మే 7 అవుతుంది. ఆకాశంలో సూర్యుడి స్థానాన్ని బట్టి చూస్తే జంట నిజమే, ఇద్దరి ఇళ్లలోని కాగితాలను బట్టి చూస్తే కాదు.

మార్చేటప్పుడు కలపాల్సిన రోజులు శతాబ్దాన్ని బట్టి మారతాయి, తప్పులన్నీ ఇక్కడే పుడతాయి. 1582 నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు, అక్కడి నుంచి 1800 ఫిబ్రవరి దాకా 11, 1900 ఫిబ్రవరి దాకా 12, ఆ తర్వాత 13. మనిషి పుట్టిన ఏడాదికి వర్తించే తేడానే కలపాలి, వేడుక చేసుకుంటున్న ఏడాదిది కాదు. రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ పాత లెక్కలో 1882 జూన్ 5న పుట్టారు, 12 కలిపితే జూన్ 17. కానీ 1900 తర్వాత తేడా 13కు పెరగడంతో ఆయన జూన్ 18నే పుట్టినరోజు జరుపుకునేవారు. 1942 జూన్ 18న పుట్టిన బీటిల్స్ బృందం గాయకుడు పాల్ మెకార్ట్‌నీతో ఆయన్ను జత చేసేవారు ఆయన వేడుకను నమ్ముతున్నారు, వేరుగా పెట్టేవారు ఆయన జననాన్ని నమ్ముతున్నారు. నా మటుకు జననమే ప్రమాణం.

కొన్నిసార్లు సంవత్సరం కూడా మారిపోతుంది. పియానో స్వరకర్త స్క్రియాబిన్ మాస్కోలో 1871 క్రిస్మస్ రోజున పుట్టారు. కొత్త లెక్కలో అది 1872 జనవరి 6, మన రెహమాన్ పుట్టినరోజు.

అన్నిటికన్నా గమ్మత్తైన కథ జర్మన్ స్వరకర్త బాఖ్‌ది. ఆయన 1685 మార్చి 21న పుట్టారని లోకమంతా రాస్తుంది. షెహనాయి చక్రవర్తి బిస్మిల్లా ఖాన్ (1916) పుట్టినరోజూ మార్చి 21. అయితే బాఖ్ పుట్టిన ఐసెనాక్ ప్రొటెస్టెంట్ ప్రాంతం, అక్కడ 1700 దాకా పాత క్యాలెండరే నడిచింది. 10 రోజులు కలిపితే బాఖ్ మార్చి 31కి జరుగుతారు. అక్కడ ఆయనకు ఎదురయ్యేది క్యాథలిక్ ఆస్ట్రియాలో కొత్త క్యాలెండర్ కింద 1732 మార్చి 31న పుట్టిన స్వరకర్త హేడన్. చైకోవ్‌స్కీ తేదీని మార్చి రాసి, బాఖ్ తేదీని మార్చకుండా వదిలేయడం సంగీత చరిత్రలో స్థిరపడిపోయిన అలవాటు. ఒకే పట్టికలో రెండు నియమాలు ఉన్నాయని తెలియకపోతే జంటలు తారుమారవుతాయి. 1685లోనే పుట్టిన మరో ఇద్దరు స్వరకర్తల్లో జర్మనీకి చెందిన హ్యాండెల్ తేదీ (ఫిబ్రవరి 23) పాత లెక్కది, ఇటలీలోని నేపుల్స్‌కు చెందిన డొమెనికో స్కార్లాటీ తేదీ (అక్టోబర్ 26) కొత్త లెక్కది. నేపుల్స్ అప్పటికే మారిపోయింది.

రోజు ఎప్పుడు మొదలవుతుంది?

ఇటలీ స్వరకర్త వెర్దీ బాప్తిస్మం రిజిస్టరులో 1813 అక్టోబర్ 11న ‘నిన్న పుట్టాడు’ అని రాశారు. అంటే 10. కానీ ఆ రోజుల్లో అక్కడ సూర్యాస్తమయంతో రోజు మారినట్టు లెక్కించే పద్ధతి కూడా ఉంది కనుక 9 అయ్యే వీలూ ఉంది. వెర్దీ స్వయంగా 9నే జరుపుకునేవారు. మనకు ఇది కొత్త కాదు. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. బుధవారం తెల్లవారుజామున మూడు గంటలకు పుట్టిన బిడ్డను ఇంటి పెద్దలు మంగళవారం రాత్రి పుట్టినట్టే చెబుతారు, ఆసుపత్రి కాగితం బుధవారం తేదీ వేస్తుంది. పాత తరం కళాకారుల జీవితచరిత్రల్లో వారానికీ తేదీకీ ఒక్క రోజు పొసగకపోతే ముందు అనుమానించవలసింది దీన్నే.

బాప్తిస్మం తేదీని పుట్టినరోజుగా రాసేయడం ఇంకో పొరపాటు. జర్మన్ స్వరకర్త బీథోవెన్‌కు దొరికేది 1770 డిసెంబర్ 17 నాటి బాప్తిస్మం మాత్రమే. డిసెంబర్ 16 అన్నది సబబైన ఊహ. పోలండ్ స్వరకర్త షోపెన్ రిజిస్టరు 1810 ఫిబ్రవరి 22 అంటుంది, కుటుంబం మార్చి 1 అంది. రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ తాను 1891 ఏప్రిల్ 23న పుట్టానని నమ్మారు, ఆ తేదీన ఆయన జానకికి తోడు. తర్వాత బయటపడిన జనన పత్రం ఏప్రిల్ 27 అంటోంది.

తిథి నుంచి తేదీకి

కర్ణాటక సంగీత త్రిమూర్తులు త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి ముగ్గురూ తిరువారూరులోనే, పద్నాలుగేళ్ల వ్యవధిలో పుట్టారు. వారి పుట్టుకలు మనకు అందినవి సంవత్సరం పేరు, మాసం, నక్షత్రం రూపంలో. ఇంగ్లీషు తేదీలన్నీ తర్వాతివారు లెక్కకట్టినవి.

త్యాగరాజస్వామిది సర్వజిత్ నామ సంవత్సరం, చైత్రం, శుక్ల సప్తమి, పుష్యమి నక్షత్రం. తేదీ 1767 మే 4, సోమవారం. తెలుగు పంచాంగం అలవాటైనవారు ఇక్కడ ఆగిపోతారు. మే మొదటివారంలో ఆ ఏడాది మన చాంద్రమానం ప్రకారం వచ్చింది వైశాఖ శుద్ధ సప్తమి కదా? నిజమే. ‘చైత్రం’ అన్నది తమిళనాట నడిచే సౌరమాన చిత్తిరై. సూర్యుడు మేషంలో ఉన్నంత కాలం వారికి అదే నెల. ఈ సంగతి తెలియక చాంద్రమాన చైత్ర సప్తమికి లెక్కకడితే తేదీ ఒక నెల వెనక్కి పోతుంది.

ముత్తుస్వామి దీక్షితుల విషయంలో ఏకంగా సంవత్సరమే తేడా. ఆయన వంశీకులు సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో 1904లో తెలుగు లిపిలోనే అచ్చు వేయించిన గ్రంథంలో మన్మథ నామ సంవత్సరం, ఫాల్గుణం, కృత్తిక అని ఉంది. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది 1775 మార్చి 24. మన్మథ 1775 వసంతంలో మొదలై 1776 వసంతంలో ముగిసింది. ఫాల్గుణం సంవత్సరంలో చివరి నెల. అంటే మన్మథ ఫాల్గుణం 1776లోనే పడాలి. 1775 మార్చి ఇంకా అంతకుముందటి జయ నామ సంవత్సరం. మరో ఆధారం చంద్రుడు. 1775 మార్చి 24 ఫాల్గుణ బహుళ పక్షం మధ్యలో ఉంది. ఫాల్గుణ పున్నమికి ఫల్గుణీ నక్షత్రాల దగ్గర ఉండే చంద్రుడు వారం తర్వాత మూల దరిదాపుల్లో ఉంటాడు, కృత్తికలో ఉండే ప్రశ్నే లేదు. 1776 అనేవారి మాటే బలమైనది.

సంవత్సరం పేరును ఇంగ్లీషు ఏడాదిగా మార్చేటప్పుడు అందరూ జారే చోటు ఇదే. జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న కాలానికి ఇంగ్లీషు అంకె ఒకటి ఎక్కువ ఉండాలి. ఆ ఒకటి కలపడం మరిచిపోతారు.

ఇంట్లో జాతకచక్రం దొరికితే అది తేదీ రాసిన కాగితం కంటే గట్టి ఆధారం. శని ఒక రాశిలో సుమారు రెండున్నరేళ్లు, గురుడు ఏడాది, సూర్యుడు నెల, చంద్రుడు రెండుంపావు రోజులు, లగ్నం రెండు గంటలు ఉంటాయి. ఆ వరుసలోనే తేదీని బిగించుకుంటూ రావాలి. శని, గురుడు కలిసి దాదాపు అవే రాశులకు తిరిగి రావడానికి 60 ఏళ్లు పడుతుంది కనుక మనిషి తరం తెలిస్తే సంవత్సరం పోల్చుకోవచ్చు. ఆ తర్వాత వారంతో సరిచూడాలి. వారం కుదరకపోతే ఎక్కడో పొరపాటు ఉన్నట్టే.

పండుగగా జరిగే రోజు పుట్టినరోజేనా అన్నదీ చూసుకోవాలి. తిరువయ్యారులో పుష్య బహుళ పంచమినాడు జరిగే ఆరాధన త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి (1847 జనవరి 6), జయంతి కాదు. అన్నమయ్యకు మాత్రం వైశాఖ పౌర్ణమినాడు జరిపేది జయంతే. తిథి ప్రకారం జరిపే జయంతి ఇంగ్లీషు తేదీలో ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతుంది, అధికమాసం వచ్చిన ఏడు ముందుకు దూకుతుంది, దాదాపు 19 ఏళ్లకు మొదటి తేదీ దగ్గరికి చేరుతుంది. తిథితో పుట్టినరోజు చేసుకునేవారినీ తేదీతో చేసుకునేవారినీ ‘ఈ ఏడు ఒకే రోజు వచ్చింది’ అని జత చేస్తే వచ్చే ఏడు ఆ జత ఉండదు.

బడి రిజిస్టరు, వేడుక రోజు

మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చి 1970 ఏప్రిల్ నుంచి చాలా రాష్ట్రాల్లో అమలైంది. అంతకుముందు తరంలో పల్లెల్లో పుట్టినవారికి అధికారిక తేదీ అంటే బడిలో చేర్చినప్పుడు అయ్యవారు వేసిందే. బడులు తెరిచే కాలం కనుక జూన్ 1, జూలై 1 లాంటి తేదీలు విరివిగా పడ్డాయి. ఆ తరం కళాకారుడి పుట్టినరోజు అలాంటి తేదీ అయితే కుటుంబం చెప్పే తిథినో, పాత ఇంటర్వ్యూనో ఇంకో ఆధారంగా వెతకాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవారికి జనన ధ్రువపత్రమే తేదీకి ప్రమాణం కనుక రాబోయే తరాలకు ఈ తిప్పలు ఉండవు.

తెలిసే మార్చుకున్న తేదీలూ ఉన్నాయి. ఇళయరాజా పుట్టింది 1943 జూన్ 3న. ఆ రోజు తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి కరుణానిధి పుట్టినరోజు కూడా కావడంతో, ఆయన మీది గౌరవంతో జూన్ 2న వేడుక చేసుకుంటున్నారు. పై పట్టికలో నేను వేడుక తేదీనే వేశాను. దాని ప్రకారం ఇళయరాజాకు తోడు ఆంగ్ల స్వరకర్త ఎల్గార్ (1857 జూన్ 2). జననం ప్రకారమైతే అమెరికా సోల్ గాయకుడు కర్టిస్ మేఫీల్డ్ (1942 జూన్ 3), పైగా బాలూకు సరిగ్గా ఒక రోజు ముందు.

జంటను రాసేటప్పుడు నాలుగు సంగతులు పక్కన ఉంటే చాలు: పూర్తి తేదీ సంవత్సరంతో సహా, ఏ క్యాలెండర్, ఆధారం జనన పత్రమా బాప్తిస్మమా జాతకమా సొంత మాటా, అది జననమా వేడుకా. రెండు ఆధారాలు పొసగకపోతే రెండూ రాయాలి. దూరదేశాల వారిని కలిపేటప్పుడు, ఒకే క్షణంలో చెన్నైలో ఒక తేదీ, న్యూయార్క్‌లో ముందు రోజు తేదీ ఉండవచ్చనీ గుర్తుంచుకోవాలి. కవలల్ని లెక్కలోంచి తీసేయాలి. బీ గీస్ బృందంలో రాబిన్, మారిస్ గిబ్ (1949 డిసెంబర్ 22) యాదృచ్ఛిక జంట కారు.

కలిసి పనిచేసినవారి మధ్య కలిసిన తేదీలు నాకు ఎక్కువ ఇష్టం. కవి కణ్ణదాసన్ 1927 జూన్ 24న, ఆయన మాటలకు బాణీలు కట్టిన ఎం.ఎస్. విశ్వనాథన్ సరిగ్గా ఏడాదికి 1928 జూన్ 24న పుట్టారు. ఇక అరుదైన తేదీ ఫిబ్రవరి 29. అది 1792లో ఇటలీ స్వరకర్త రోస్సీనీని ఇచ్చింది. 1900 లీపు సంవత్సరం కాకపోవడంతో 1896 తర్వాత ఆ తేదీ మళ్లీ వచ్చింది 1904లోనే. ఆ ఒక్క రోజున పెన్సిల్వేనియాలో శాక్సఫోన్ విద్వాంసుడు జిమ్మీ డోర్సీ, మదురైలో నృత్య, సంగీత విద్యాలయం కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరుండేల్ పుట్టారు. తేదీ, నెల, సంవత్సరం మూడూ కలిసిన జంట ఇది.